విరిగిన చెవి ముక్కలు ఎక్కడున్నాయమ్మా?

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది కర్నూలు పాతబస్తీ. మా మామ 1996లో ఇల్లు కట్టించినప్పుడు వీధి వాకిలికి టేకు తలుపు చేయించి, దానికి హ్యాండిల్ ఉన్న తాళం వేయించాడు. తలుపు చెక్కలోకి దూర్చి బిగించే రకం. దాని చెవి పొడుగ్గా కాడలా ఉండి, కొసన రెక్క ఉంటుంది. అప్పుడు మూడు చెవులిచ్చారు. ఒకటి 2009 వరదలో పోయింది. ఇంకోటి మా ఆయన దగ్గర ఉండేది. ఆయన లారీ మీద పోతే పదిహేను రోజులకోసారి ఇంటికి వస్తాడు. పోయిన నెల వచ్చి తలుపు తీయబోతే చెవి లోపలే విరిగింది. ఇక మిగిలింది నా దగ్గరున్న ఒక్కటే. దాంతోనే నేను, కాలేజీకి పోయే మా పాప, మా అత్త నెట్టుకొస్తున్నాం. పాప నాకంటే ముందు వస్తే ఎదురింటి అరుగు మీద కూర్చోవాల్సిందే. రోడ్డు పక్కన రెండు డూప్లికేట్లు చేయించాను. ఒకటి అసలు తిరగదు. ఇంకోటి తలుపును కాస్త పైకెత్తి పట్టుకుంటే తిరుగుతుంది. కంపెనీ డీలరు దగ్గరికి పోతే, ఆ మోడల్ ఎప్పుడో ఆపేశారు, చెవులు రావు, తాళమే మార్చుకోండి అన్నాడు. కొత్తది పెట్టాలంటే తలుపు కోయాలంట. మా అత్త తలుపు మీద ఉలి పెడితే ఊరుకోనంటోంది. బీగం బిగుసుకుంది అని రోజూ అందులో కొబ్బరినూనె కూడా పోస్తోంది. చెవి ఫొటో పంపుతున్నాను. ఏం చేయమంటారు?

జవాబు: చెల్లెమ్మా, ముందు ఆ ఫొటో సంగతి. చూశాను, చూసిన వెంటనే తీసేశాను. మీ ఫోన్లో, పంపినచోట కూడా తీసేయండి. వీధి వాకిలి చెవి ఫొటో పంపి, దాంతోపాటే పేట పేరు, ఇంట్లో మగమనిషి ఎన్నాళ్లకోసారి వస్తాడో కూడా రాశారు. అందుకే ఇక్కడ కొన్ని వివరాలు మార్చి వేస్తున్నాం. చెవి చేతికి దొరక్కపోయినా దాని బొమ్మ దొరికితే చాలు, చేసేవాడు చేసేస్తాడు. 2008లో అమెరికాలో శాన్‌డియాగోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ వాళ్లు ఒక బిల్డింగు పైనుంచి, 195 అడుగుల దూరంలో కేఫ్ బల్ల మీద పడి ఉన్న ఇంటి తాళంచెవుల్ని ఫొటో తీసి, ఆ గాట్ల లెక్క కంప్యూటర్‌తో రాబట్టి చూపించారు. మీరు అరచేతిలో పెట్టుకుని పట్టపగలు దగ్గరగా తీసిన ఫొటో గురించి ఇక చెప్పేదేముంది. రేపు ఎవరైనా "చెవి ఫొటో వాట్సాప్ చేయండి మేడం, చేసి కొరియర్లో పంపిస్తాం" అంటే ఒప్పుకోకండి.

ఇక అసలు విషయం. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు డీలరు మాటకి దిగులుపడ్డారు కానీ, నన్ను పట్టుకున్న మాట వేరేది. మీ ఆయన చెవి లోపలే విరిగిందన్నారు. మీ చెవి ఇప్పటికీ తిరుగుతోందంటే ఆ విరిగిన రెక్క తాళం రంధ్రంలో ఇరుక్కుని లేదు. ఎవరో సన్న పట్టకారుతో బయటికి లాగి ఉంటారు, లేదంటే అది తాళం అడుక్కి జారిపోయి ఉంటుంది. ఆ ముక్కలు ఎక్కడున్నాయమ్మా? పారేశారా? చెత్తబుట్టలో వేయకుండా కిటికీ గూట్లోనో, దేవుడి గూట్లోనో, బీరువా సొరుగులోనో పడేసి ఉంటే మీ పని సగం అయినట్టే. ముప్పై ఏళ్లు ఈ ఊళ్లో హార్డ్‌వేర్ అంగడి నడిపినవాణ్ణి. తాళంచెవి విరిగితే జనం మొదట చేసే పని దాన్ని విసుగుతో విసిరికొట్టడం. చేయకూడనిదీ అదే.

ఎందుకో చెబుతాను. మీ చెవితో రోజుకు ఆరుసార్లు తాళం తీసి వేసినా, ఏడాదికి రెండు వేల సార్లు దాటుతుంది. మీ ఆయన చెవి ఏడాదికి యాభై సార్లు తిరిగి ఉంటే గొప్ప. రెండూ ఒకేరోజు పెట్టెలోంచి బయటికి వచ్చినవే, కానీ మీది అరిగిపోయిన చెవి, ఆయనది ఇంకా కొత్త చెవి. విరిగింది కొత్త చెవే. రోడ్డు పక్కన మీరు డూప్లికేట్లు చేయించింది మాత్రం అరిగినదాన్ని చూపించి. ఉన్నది అదొక్కటే కాబట్టి అదే ఇచ్చారు. మీ తప్పేం లేదు.

మీరు చెప్పిన గుర్తులనుబట్టి అది లివర్ల తాళం. ఆ కాలంలో మనవైపు ఇళ్లకు ఎక్కువగా ఆరు లివర్లవి వేసేవాళ్లు. మూత విప్పి చూస్తే లోపల ఇత్తడి రేకులు ఒకదాని మీద ఒకటి అట్లు పేర్చినట్టు ఉంటాయి. వాటినే లివర్లంటాం. ఒక్కో రేకును ఒక సన్న స్ప్రింగు కిందికి నొక్కిపెడుతుంది. ఒక్కో రేకులో ఒక చీలిక. తలుపులోంచి బయటికి పొడుచుకొచ్చే నాలుక ఉంది చూడండి, దాని వెనక భాగంలో ఒక చిన్న దిమ్మ. ఆరు రేకుల చీలికలూ ఒకే వరసలోకి వస్తేనే ఆ దిమ్మ వాటిలోంచి జారుతుంది, నాలుక కదులుతుంది. చెవి రెక్క మీది ఒక్కో మెట్టు ఒక్కో రేకును దాని ఎత్తుకు లేపుతుంది. మెట్టు పొట్టిదైతే రేకు అందదు, పొడుగైతే దాటిపోతుంది. ఏ ఒక్కటి తప్పినా తాళం రాదు. ఇంగ్లండులో రాబర్ట్ బారన్ అనే ఆయన 1778లో ఈ పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. అప్పటి నుంచి లివర్ల తాళాలన్నీ ఈ దారిలోనే నడుస్తున్నాయి. కాబట్టి మీ కంపెనీ మోడల్ ఆపేసినంత మాత్రాన చెవి చేయడానికి దారి మూసుకుపోలేదు. చెవి కొలతలన్నీ మీ తలుపులోనే ఉన్నాయి, ఆ ఆరు రేకుల్లో.

అరిగిన చెవితో మీకు తాళం ఎలా వస్తోందంటే, మీ చెయ్యి దానికి అలవాటుపడింది. ఎంత లోపలికి నెట్టాలో, ఎక్కడ కాస్త వెనక్కి లాగాలో మీకు తెలియకుండానే చేసేస్తుంటారు. చెవి చేసేవాడి ఆకురాయికి ఆ సంగతి తెలియదు. అరిగిన మెట్టును అరిగినట్టే దింపుతాడు. పైగా అతని చేతిలో వెంట్రుకవాసి తేడా వచ్చిందంటే అది దీనికి కలుస్తుంది. ఇక ఆ డూప్లికేటును చూసి ఇంకో డూప్లికేటు చేయిస్తే ఇంకొంత. జిరాక్సుకి జిరాక్సు తీయించినట్టు, నాలుగో కాపీకి అక్షరాలే కనబడవు.

అయితే మీ రెండో డూప్లికేటు మీద నాకు ఇంకో అనుమానం ఉంది. తలుపు పైకెత్తి పట్టుకుంటే తిరుగుతుందన్నారు. చెవిలోనే లోపం ఉంటే తలుపు ఎత్తినా దించినా తిరగకూడదు. తలుపు జారిందమ్మా. ఇప్పుడే ఒక పని చేయండి. తలుపు బార్లా తెరిచి, నాలుకకి ఏదీ అడ్డం లేకుండా గాలిలో ఉంచి, మూడు చెవులతోనూ తిప్పి చూడండి. తెరిచిన తలుపులో ఆ రెండో డూప్లికేటు హాయిగా తిరిగిందంటే ఆ చెవి మంచిదే. మీరు నెల రోజులుగా దాన్ని తిట్టుకున్నది అన్యాయంగా.

మీ ఆయన చెవి విరగడానికి కూడా ఇదే కారణం అని నా నమ్మకం. తలుపు ఒక నూలు మందం కిందికి దిగితే, నాలుక వెళ్లి ద్వారబంధానికి కొట్టిన రేకు రంధ్రం అంచును రాసుకుంటుంది. ఆ బిగువంతా చెవి మెడ మీద పడుతుంది. మీరూ మీ పాపా రోజూ వేసేవాళ్లు కాబట్టి తలుపును మోకాలితోనో హ్యాండిల్ పట్టుకునో కాస్త ఎత్తి తిప్పడం నేర్చేసుకున్నారు. పదిహేను రోజులకోసారి, అదీ రాత్రంతా స్టీరింగు తిప్పి అలసిపోయి వచ్చిన మనిషికి ఈ కిటుకు ఎలా తెలుస్తుంది? బలంగా తిప్పాడు, విరిగింది. ఆయన్ను కూడా ఏమీ అనకండి.

ఎక్కడ తగులుతోందో కనిపెట్టడానికి కార్పెంటరు అక్కర్లేదు. చెంచాడు కుంకుమ రెండు చుక్కల నూనెలో కలిపి నాలుక కొసకి రాయండి. తలుపు వేసి, చెవి తిరిగినంతమేర తిప్పి, మళ్లీ తీయండి. ద్వారబంధం రేకు మీద ఎర్రగా ఎక్కడ అంటిందో అక్కడ రాపిడి ఉన్నట్టు. కింది అంచుకి అంటిందా, తలుపు దిగిందన్నమాట. అప్పుడు పైన ఉన్న మడతబందు స్క్రూలు చూడండి. ఇన్నేళ్ల తలుపుకి అవి వదులైపోయి ఊరికే తిరుగుతుంటాయి. స్క్రూ విప్పి, ఆ రంధ్రంలో ఫెవికాల్ ముంచిన అగ్గిపుల్లలు రెండు మూడు కుక్కి, ఆరనిచ్చి, మళ్లీ బిగిస్తే పట్టు వస్తుంది. అయినా మిగిలిపోతే ద్వారబంధం రేకు రంధ్రాన్ని కింది వైపు ఆకురాయితో ఒక్క మిల్లీమీటరు రాయిస్తే సరిపోతుంది. ఇందులో మీ అత్త తలుపుకి ఉలి తగిలే మాటే లేదు. ఈ పని మాత్రం చెవి చేయించడానికి ముందే చేయాలి. తలుపు అలాగే ఉంచి ఎంత మంచి చెవి చేయించినా ఆర్నెల్లలో దాని మెడా విరుగుతుంది.

తలుపు సర్దుకున్నాక చెవి దగ్గరికి వద్దాం. మీరు చేయాల్సిందల్లా చెవి తీసుకుపోవడం మానేసి తాళం తీసుకుపోవడం. తాళాన్ని తలుపులోంచి ఊడదీయడం కష్టమేమీ కాదు. తలుపు తెరిచి, నాలుక లోపలికి పోయి ఉన్నప్పుడు మొదలుపెట్టండి. రెండు వైపులా హ్యాండిల్ పలకల స్క్రూలు విప్పి, మధ్యలో అటూ ఇటూ దూరి ఉన్న నలుపలకల కడ్డీని బయటికి లాగండి. తర్వాత తలుపు మందంలో, నాలుక వచ్చేచోట పొడుగు పట్టీ ఉంటుంది కదా, దానికి పైనొకటి కిందొకటి స్క్రూలుంటాయి. అవి తీసి, పట్టీ కింద సన్న స్క్రూడ్రైవరు పెట్టి మెల్లగా ఎత్తితే డబ్బా మొత్తం సొరుగులాగా బయటికొస్తుంది. వరదలో నానిన తాళం కాబట్టి చెక్కకి తుప్పు పట్టుకుని మొరాయించొచ్చు. సుత్తి మాత్రం వాడకండి. బయటికి వచ్చాక ఒకసారి ఊపి వినండి, లోపల గలగలమంటే విరిగిన రెక్క అక్కడే ఉంది. సంతోషించండి.

మూత మాత్రం ఇంట్లో విప్పొద్దు. లోపలి స్ప్రింగులు మీసమంత సన్నగా ఉంటాయి, చటుక్కున ఎగిరి ఎక్కడో పడతాయి. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ ఊళ్లోకి వచ్చి పాతబస్తీ మునిగినప్పుడు, నీళ్లు దిగాక జనం సంచుల్లో తాళాలు వేసుకుని మా అంగడికి వచ్చారు. చాలామంది ఇంట్లోనే విప్పి, బురద కడిగి, తిరిగి పెట్టలేక తెచ్చినవాళ్లే. ఒక పెద్దాయన ఆరు రేకులూ పళ్లెంలో పోసుకుని, చేపముక్కలు తెచ్చినట్టు తెచ్చాడు. ఏది పైన, ఏది కింద అని అడిగితే, అన్నీ ఒకేలా ఉన్నాయి కదప్పా అన్నాడు. ఒకేలా ఉండవు. చీలిక ఎత్తులో తేడా ఉంటుంది, ఆ తేడానే తాళం. మీ మామ ఆ రోజుల్లో తాళం కడిగి మళ్లీ పనిలో పెట్టాడంటే ఓపికున్న మనిషే.

ఇప్పుడు చెవి చేసేవాణ్ణి ఎంచుకోవడం. గొడుగు కింద మిషను పెట్టుకుని రెండు నిమిషాల్లో గీసిచ్చేవాళ్లు బండి చెవులకి, గాట్ల చెవులకి చాలా మంచివాళ్లు. మీది కాడ, రెక్క ఉన్న చెవి. దీనికి వైస్‌లో బిగించి ఆకురాయితో చేతిపని చేసేవాడు కావాలి. చూడగానే గుర్తుపట్టొచ్చు: అతని బల్ల మీద సన్నవి, బల్లపరుపువి, మూడంచులవి అరడజను ఆకురాళ్లుంటాయి, గోడకి రకరకాల కాడల బ్లాంకులు, అంటే ఇంకా మెట్లు కోయని చెవులు, దండల్లా వేలాడుతుంటాయి. మీ మోడల్‌కి అచ్చంగా అదే బ్లాంకు దొరక్కపోయినా ఫరవాలేదు. కాడ లావు, పొడుగు సరిపోయి, రెక్క కొంచెం పెద్దదైతే చాలు. ఎక్కువున్నది రాసి తగ్గించొచ్చు కదా. అలాంటిదీ లేకపోతే ఇత్తడి కాడకి రెక్క అతికించి చేసే పనితనం ఉన్నవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఆ పని కళ్లారా చూస్తే గానీ నమ్మలేం. మా అంగడికి ఎదురుగా ఒక తాత చేసేవాడు. బ్లాంకు రెక్కను దీపం మీద తిప్పితిప్పి నల్లగా మసి పట్టించేవాడు. దాన్ని తాళంలో పెట్టి, పిల్లవాడి చెవి మెలేసినంత మెల్లగా అటూ ఇటూ తిప్పి, బయటికి తీసి ఎండకి పట్టి చూసేవాడు. ఏ మెట్టు రేకుకి గట్టిగా తగిలిందో అక్కడ మసి చెరిగి ఇత్తడి తళుక్కుమంటుంది. అక్కడ రెండే రెండు రాపిడులు. మళ్లీ మసి, మళ్లీ తాళం, మళ్లీ ఎండ. ఇరవైసార్లైనా విసుక్కునేవాడు కాదు. "రాసింది తిరిగిరాదు సార్" అనేవాడు. మీరు తాళం, విరిగిన కొత్త రెక్క, రెండూ చేతికిస్తే అంత తిప్పలు కూడా ఉండవు. రెక్కను చూసి కొలత దింపుతాడు, తాళం మూత తీసి రేకుల్లో పెట్టి కళ్లతో చూసుకుంటూ సరిచేస్తాడు. రెక్క దొరక్కపోయినా, రేకులే చాలు. మీ అరిగిన చెవి పోలిక చూసుకోవడానికి మాత్రమే.

ఇక్కడొక మోసం ఉంది, జాగ్రత్తగా వినండి. చెవి కుదరనప్పుడు కొందరు చెవిని సరిచేయరు, తాళాన్ని సరిచేస్తారు. మొరాయించే రేకుల్ని రెండో మూడో తీసి జేబులో వేసుకుంటారు, లేదా రేకు చీలికనే ఆకురాయితో వెడల్పు చేస్తారు. ఇంకేముంది, మీ చెవి వెన్నలా తిరుగుతుంది, మీరు సంతోషంగా డబ్బులిచ్చి వస్తారు. మీ చెవే కాదు, పక్కింటివాళ్ల చెవి కూడా తిరగొచ్చు. అందుకని మూత తీయగానే రేకులెన్నో లెక్కపెట్టండి. ఫొటో తీసుకోండి, ఇది మాత్రం మీ దగ్గరే ఉంచుకునే ఫొటో. మూత వేసేముందు మళ్లీ లెక్కపెట్టండి. ఆరుంటే ఆరూ ఉండాలి. మంచి పనివాడు దీనికి నొచ్చుకోడు, పైగా మీకు విషయం తెలుసని ఇంకొంచెం ఒళ్లు దగ్గర పెట్టుకుంటాడు. అతను "ఇల్లు మీదేనా, ఆధార్ చూపిస్తారా" అని అడిగితే మీరూ నొచ్చుకోకండి, అలా అడిగేవాడి దగ్గరే చేయించాలి. ధర పని మొదలుపెట్టక ముందే మాట్లాడుకోండి. ఒక్క చెవికి కాకుండా నాలుగింటికి కలిపి మాట్లాడండి.

అవును, నాలుగు. మీకొకటి, పాపకొకటి, ఆయనకొకటి. నాలుగోది ఎవరికీ కాదు. తాళంలో పెట్టి నాలుగుసార్లు తిరుగుతోందని చూసుకుని, కాగితంలో చుట్టి తేదీ రాసి దాచేయండి. దాన్ని తల్లిచెవి అనుకోండి. ఇక మీదట ఎప్పుడు డూప్లికేటు కావాలన్నా దాన్ని చూపించే చేయించాలి తప్ప, రోజూ తిరిగే చెవిని చూపించకూడదు. అది ఎక్కడ దాచాలంటారా? ఇంట్లో బీరువాలో పెట్టి, వీధి తలుపు దగ్గర నిలబడి బీరువాలో చెవి ఉంది కదా అని ఏడ్చినవాళ్లను చూశాను. ఊళ్లోనే ఉన్న మీ పుట్టింటివాళ్ల దగ్గరో, నమ్మకమైన చుట్టాల దగ్గరో పెట్టండి. పూలకుండీ కింద, మీటరు పెట్టె మీద వద్దు. దొంగలు ముందు వెదికేది అక్కడే.

డీలరు సంగతి కూడా ఒక మాట. డీలరు లేదన్నాడంటే అతని దగ్గర లేదని. మీ చెవి పట్టు మీద గానీ, తాళం పట్టీ మీద గానీ, మీ మామ దాచిన పాత బిల్లు, అట్టపెట్టె మీద గానీ ఏదైనా నంబరు చెక్కి ఉందేమో చూడండి. కొన్ని కంపెనీలు ఆ నంబరును బట్టి చెవి కోసిస్తాయి. నంబరుంటే నేరుగా కంపెనీ కస్టమర్ కేర్‌కి ఒక ఉత్తరం పడేయండి. దాని కోసం ఎదురుచూస్తూ కూర్చోవద్దు గానీ, వస్తే మంచిదే. చిన్నచిన్న కార్ఖానాల తాళాలకైతే ఆ నంబరు కూడా ఉండదు. అలీగఢ్ నుంచి వచ్చే పేరు లేని తాళాలు, 2019లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) దక్కిన తమిళనాడు దిండిగల్ తాళాలు చాలావరకు చేత్తో చేసినవి. అలాంటివాటికి ఏ పుస్తకంలోనూ లెక్క ఉండదు, తాళమే దాని లెక్క.

గాట్ల చెవి, అంటే బల్లపరుపుగా రంపం పళ్లలా ఉండే చెవి వాడే పాఠకులకు ఇదంతా వర్తించదు. మీ తాళంలో చెవి దూరే భాగం ఇత్తడి గొట్టంలా విడిగా ఉంటే మొత్తం తాళం మార్చక్కర్లేదు, ఆ గొట్టం ఒక్కటి మారిస్తే కొత్త చెవులు దానితోనే వస్తాయి. తలుపు మందంలో దాన్ని పట్టి ఉంచే పొడుగు స్క్రూ తీసి, చెవిని కొంచెం పక్కకి తిప్పి లాగితే వచ్చేస్తుంది. స్క్రూ రంధ్రం నుంచి రెండు కొసలకీ ఎన్ని మిల్లీమీటర్లో విడివిడిగా కొలుచుకుని అంగడికి పోవాలి. అంతే.

చెల్లెమ్మా, మూత తీశాక రేకులు తుప్పుతో తినేసి ఉన్నాయని, స్ప్రింగులు విరిగి ఉన్నాయని తేలితే మాత్రం మొండిపట్టు పట్టొద్దు. స్ప్రింగులైతే వేయించొచ్చు. రేకులే పోతే తాళం మార్చాల్సిందే. అప్పుడు కూడా తలుపు కోసే పని లేకుండా చూసుకోవచ్చు. ఊడదీసిన తాళాన్ని తెల్లకాగితం మీద పెట్టి పెన్సిల్‌తో చుట్టూ గీయండి. చెవి రంధ్రం, హ్యాండిల్ కడ్డీ రంధ్రం ఎక్కడున్నాయో గుర్తుపెట్టండి. తలుపు అంచు నుంచి చెవి రంధ్రం దాకా ఎంత, ఆ రంధ్రానికీ హ్యాండిల్ రంధ్రానికీ మధ్య ఎంత, డబ్బా మందం ఎంత, పట్టీ పొడుగు వెడల్పు ఎంత, ఇవి రాసుకోండి. ఆ కాగితం, ఆ తాళం పట్టుకుని హార్డ్‌వేర్ అంగళ్లు తిరగండి. కంపెనీ పేరు, మోడల్ పేరు అడగొద్దు, అడిగితే లేదంటారు. వస్తువు చూపించి, దీనికి సరిపోయేది ఇవ్వమనండి. కర్నూలులోనే కాదు, ఆదోని, నంద్యాల, ఎమ్మిగనూరు లాంటి ఊళ్లలో పాత అంగళ్ల అటకల మీద అమ్ముడుపోని సరుకు దుమ్ము కొట్టుకుని ఉంటుంది. నేను అంగడి మూసేటప్పుడు మా అటక మీద ఇరవై ఏళ్లనాటి తాళాలు పదకొండు బయటపడ్డాయి, పెట్టె కూడా విప్పనివి. కొత్తది పాతదానికంటే కొంచెం చిన్నదైతే సందులో చెక్కముక్క వేసి కార్పెంటరు సరిచేస్తాడు. హ్యాండిల్ పలక కాస్త పెద్దది తీసుకుంటే పాత రంధ్రాలు దాని కింద మూసుకుపోతాయి. పాపకి నంబరు కొట్టి తెరిచే తాళం మీద మోజుంటే ఉండనీండి, దానికి తలుపులో కొత్త రంధ్రాలు తొలవాలి, మీ అత్త ఒప్పుకోదు.

తాళం బయటికి తీసిన రోజు ఇంట్లో ఒకరు ఉండాలి, లోపలి గడియ వేసుకుంటారు. బయటికి పోక తప్పకపోతే ఆల్‌డ్రాప్‌కి మంచి తాళంకప్ప ఒకటి వేయండి.

కొబ్బరినూనె ఆపించండి. చలికి గడ్డకట్టి, ఎండకి కరిగి, మన ఊరి దుమ్మును ఇష్టంగా పట్టుకుంటుంది, రేకుల మధ్య జిగట పేరుకుంటుంది. తాళం బిగుసుకోవడంలో దాని వాటా కూడా ఉండొచ్చు. మూత తీసినప్పుడే చెవి చేసేవాణ్ణి కిరసనాయిలుతో రేకులు కడిగి, గుడ్డతో తుడిచి, బాగా ఆరనిచ్చి పెట్టమనండి. తర్వాత పెన్సిల్ ముల్లును బ్లేడుతో గీకి పొడి చేసి, ఆ పొడి చెవికి అద్ది తాళంలో నాలుగుసార్లు తిప్పండి. ఆరు నెలలకోసారి చాలు. అత్త ఊరుకోకపోతే మడతబందులకి పోసుకోమనండి నూనె, అక్కడ మంచిదే.

పోయేటప్పుడు పొద్దున్నే పోండి, పనివాడి చెయ్యి, కన్ను రెండూ తాజాగా ఉంటాయి. శుక్రవారం మాత్రం వద్దు. మన ఊళ్లో ఈ పని బాగా తెలిసినవాళ్లలో సగంమంది ఆ మధ్యాహ్నం నమాజుకి పోతారు, మూత విప్పిన తాళం ఒళ్లో పెట్టుకుని మీరు గంటసేపు కూర్చోవాల్సి వస్తుంది.